డిశ్చార్జి అయ్యాక వంటెవరు?

ఆపరేషన్ తేదీ ఖరారైందంటే మన ఇళ్లలో ఎన్ని పనులు మొదలవుతాయో! ఇన్సూరెన్స్ కాగితాలు, సెలవు చీటీ, రక్తం ఇచ్చేవాళ్ల ఫోన్ నంబర్లు, ఆసుపత్రిలో రాత్రిళ్లు ఎవరు పడుకోవాలన్న వంతులు, తిథీ వారం చూసుకోవడాలు, తిరుపతి మొక్కు. అన్నీ పద్ధతిగా జరిగిపోతాయి. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున ఆ మనిషి ఏం తింటారు? అది ఎవరు వండుతారు?

ఆడవాళ్ల విషయంలో ఈ ప్రశ్న మరీ గట్టిగా అడగాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారి శాతం దేశంలో అందరికన్నా ఎక్కువగా కనిపించిన రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. దానికి సిజేరియన్లు, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, అరవై దాటాక మోకీళ్ల మార్పిడి కలుపుకోండి. ఆపరేషన్ బల్ల మీద పడుకునే మనిషే చాలా ఇళ్లలో పొయ్యి దగ్గర నిలబడే మనిషి. భర్తకు బైపాస్ జరిగితే భార్య ఉప్పు తగ్గించి, నూనె కొలిచి, వేళకు పథ్యం పెడుతుంది. భార్యకు ఆపరేషన్ అయితే మూడు రోజులు హోటల్ ఇడ్లీ వస్తుంది. నాలుగో రోజు ఆవిడే గోడ పట్టుకుని వంటింట్లోకి నడుస్తుంది. “కాసిని చారు నీళ్లు పెడితే పోలా” అంటుంది. ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ముందుగా అనుకోలేదు, అంతే.

అనుకోకపోవడం వెనక భయం ఉంటుంది. అన్నీ సర్దిపెట్టుకుంటే ఏదో జరగబోతున్నట్టు అపశకునంగా తోస్తుంది. అంతకన్నా ఎక్కువగా “నాకేమవుతుంది, మూడో రోజుకల్లా లేచి తిరుగుతా” అన్న ధీమా ఉంటుంది. ఈ ధీమాను మనం ధైర్యమనుకుంటాం. ధైర్యం ఉన్న మనిషి చేసే పని వేరు. తాను రెండు మూడు వారాలు బలహీనంగా ఉండబోతున్నానని ముందే ఒప్పుకుని, ఆ బలహీనమైన రోజులకు కావలసినవన్నీ ఒంట్లో సత్తువ ఉండగానే అమర్చిపెట్టుకుంటుంది.

కుట్లు దేనితో అతుకుతాయి?

గాయం మానడమంటే ఒళ్లు కొత్త కండను, కొత్త చర్మాన్ని అల్లుకోవడం. దానికి ముడిసరుకు ప్రొటీన్. ఆ అల్లిక గట్టిపడాలంటే విటమిన్ సి కావాలి. మంచం మీద ఉన్నన్నాళ్లూ మరోపక్క కండ కరుగుతూనే ఉంటుంది. అమెరికాలో హైరమ్ స్టడ్లీ అనే సర్జన్ 1936లో కడుపులో పుండ్లకు ఆపరేషన్ జరిగినవాళ్ల లెక్కలు తీశాడు. ఆపరేషన్ నాటికే ఒంటి బరువులో ఐదో వంతుకు పైగా కోల్పోయినవాళ్లలో మూడింట ఒకరు చనిపోయారు. అంతగా చిక్కిపోనివాళ్లలో చనిపోయింది నూటికి నలుగురి లోపే. అంటే కత్తి పట్టిన చేతి నైపుణ్యం ఎంత ముఖ్యమో, బల్ల ఎక్కే మనిషి ఒంట్లో ఉన్న నిల్వలూ అంత ముఖ్యం.

1990ల్లో డెన్మార్క్‌కు చెందిన హెన్రిక్ కెలెట్ అనే సర్జన్ ఇంకో మాట చెప్పాడు. అప్పటిదాకా పేగుల ఆపరేషన్ అయితే రోజుల తరబడి నోట్లో నీళ్లు కూడా పోయనిచ్చేవారు కాదు. త్వరగా తినిపించి, త్వరగా నడిపిస్తే రోగి త్వరగా కోలుకుంటాడని కెలెట్ చేసి చూపించాడు. ఆ పద్ధతి ఇప్పుడు మన ఊళ్ల పెద్దాసుపత్రులకూ వచ్చింది. మంచిదే. కానీ దాని ఫలితం ఒకటి మన మీద పడింది. ఒకప్పుడు వారం పది రోజులు వార్డులో గడిచే కాలం ఇప్పుడు మన పడగ్గదిలో గడుస్తోంది. వేళకు ట్రే తెచ్చిపెట్టే మనిషి అక్కడ ఉండరు.

ఎంత తినాలో ఒక లెక్క చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు రోజుల్లో కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలంటుంది. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములన్నమాట. పెద్ద ఆపరేషన్ తర్వాత కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలని సర్జరీ పోషకాహార నిపుణులు చెబుతారు. అదే మనిషికి 72 నుంచి 90 గ్రాములు. డబ్బా పౌడర్ల జోలికి పోకుండానే ఇది మన వంటింట్లో దొరుకుతుంది. రెండు గుడ్లు 12 గ్రాములు. పాలు, పెరుగు కలిపి అర లీటరు, 16 గ్రాములు. రోజంతటి పప్పు, పెసరట్టు, కట్టు కలిసి పచ్చి పప్పు లెక్కన 100 గ్రాములైతే 24. అన్నం, ఇడ్లీ, ఉప్మాల నుంచి మరో 16. గుప్పెడు వేరుశనగ పప్పులు 7. మొత్తం 75. మాంసాహారులు 100 గ్రాముల చేపో కోడిమాంసమో చేర్చుకుంటే మరో 20 కలుస్తాయి. ఒక్క చిక్కు ఏమిటంటే ఆకలి ఉండదు. అందుకే మూడు పూటల భోజనాన్ని ఆరు చిన్న పూటలుగా విడగొట్టాలి. ఆరు పూటలు వండేదెవరన్న ప్రశ్నకు మళ్లీ మొదటి జవాబే: ముందుగా సిద్ధం చేసుకున్నవాళ్లు.

పప్పుకీ చీముకీ సంబంధం లేదు

ఈ లెక్క ఇంట్లో చెప్పగానే పెద్దవాళ్లు అడ్డుపడతారు. పప్పు తింటే కుట్లు చీము పడతాయి. గుడ్డు వేడి. పెరుగు జలుబు. వంకాయ దురద. బాలింతకు నీళ్లు ఎక్కువిస్తే పొట్ట పెరుగుతుంది. చివరికి విస్తట్లో మిగిలేది మెత్తటి అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, పాత చింతకాయ పచ్చడి. నోటికి ఎంత హితవుగా ఉన్నా అందులో గాయానికి పనికొచ్చే ముడిసరుకు దాదాపు లేదు.

చీము పట్టేది సూక్ష్మక్రిములు చేరినప్పుడు. చేతులు కడుక్కోకపోవడం, కట్టు తడవడం, షుగరు అదుపులో లేకపోవడం అసలు కారణాల్లో కొన్ని. కందిపప్పుకు ఇందులో ఏ పాపమూ తెలియదు. అలాగని పథ్యమంతా మూఢనమ్మకమని కొట్టిపారేసే ఆధునికులతోనూ నేను ఏకీభవించను. పాత బియ్యం, బీరకాయ, పొట్లకాయ, మిరియాల చారు, పెసరకట్టు, సగ్గుబియ్యం జావ అన్నీ నలతగా ఉన్న కడుపును ఇబ్బంది పెట్టని తిండి. మన పెద్దవాళ్లు ఏం పెట్టాలో చెప్పినప్పుడు చాలావరకు సరిగ్గానే చెప్పారు. ఏం పెట్టకూడదో చెప్పిన దగ్గరే వినకూడదు.

ఈ గొడవ డిశ్చార్జి రోజున, నొప్పితో పడుకుని తేల్చుకునేది కాదు. అత్తగారినో అమ్మనో ఆపరేషన్ ముందు చూపించుకునే రోజునే డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి. “పప్పు పెట్టొచ్చా డాక్టరు గారూ?” అని ఆవిడ చేతే అడిగించండి. మీరు పది పుస్తకాలు చూపించినా వినని మనిషి, తెల్లకోటు వేసుకున్నాయన ఒక్కసారి “పెట్టండమ్మా” అంటే వింటుంది.

ఏం నింపాలి

నిల్వ అనగానే ఫ్రీజర్ గుర్తొస్తుంది గానీ, మన వాతావరణానికి, మన కరెంటుకు పొడి సరుకే నమ్మకం. వేయించి పోపు కలిపి ఉంచిన బొంబాయి రవ్వ ఉంటే మరిగే నీళ్లలో పోసిన ఐదు నిమిషాలకు ఉప్మా. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, కాస్త జీలకర్ర వేసి మరపట్టిన పిండి పసిపిల్లలకు ఉగ్గు అయినట్టే పెద్దవాళ్లకు జావ అవుతుంది. అదే రవ్వగా పట్టిస్తే కుక్కర్లో మెత్తటి కిచిడీ. మొలకెత్తిన రాగుల పిండి ఒక డబ్బా. కంది పొడి, పుట్నాల పొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి తలా ఒక సీసా. వీటిలో ఎండుమిర్చి మామూలులో సగం వేయండి. షుగరు లేనివాళ్లకు సున్నుండలు మంచి సరుకు. మినప్పప్పు, నెయ్యి, బెల్లం, మంచం పక్కన డబ్బాలో పెట్టుకుని ఒంటి చేత్తో తినగలిగిన బలం. అటుకులు, ఖర్జూరాలు, చెడిపోని అట్టపెట్టె పాలు కూడా ఉంచుకోండి. పళ్లలో జామ, బత్తాయి, వాటికి తోడు ఉసిరి ఏ రూపంలోనైనా సరే. విటమిన్ సికి వీటిని మించినవి కొనక్కర్లేదు.

ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి నాలుగైదు రోజులు ఆగుతుంది. ఉడికించిన పప్పు, కూర మూడు రోజులకు మించి ఉంచకండి. డబుల్ డోర్ ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఉప్పు, పులుపు వేయని పప్పును, టమాటా గుజ్జును ఒక్కో పూటకు సరిపడా చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. డబ్బా మీద తేదీ రాయాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని మంచుగూడును వారాల నిల్వకు నమ్మొద్దు. చద్దన్నానికి నేనూ అభిమానినే. కానీ రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని కుట్లతో పడుకున్న మనిషికి పెట్టకండి. అన్నంలో పెరిగే ఒక రకం క్రిమి విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాంతి వచ్చి పొట్ట కదిలిపోతే ఆ నొప్పి ఏమిటో ఆపరేషన్ అయినవాళ్లకే తెలుసు.

మలబద్ధకం సంగతి ఎవరూ నోరు తెరిచి చెప్పరు కాబట్టి నేను చెబుతాను. గట్టి నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు, కదలిక లేకపోవడం మూడూ కలిస్తే నాలుగో రోజుకు మనిషి అసలు నొప్పిని మరిచి దీని గురించే ఏడుస్తారు. మంచినీళ్లు, పలచటి మజ్జిగ, బొప్పాయి, నానబెట్టిన ఎండుద్రాక్ష, పీచున్న కూరలు మొదటి రోజు నుంచే ఉండాలి. విరేచనానికి మందు కావాలా అని డిశ్చార్జి కాగితం చేతికిచ్చేటప్పుడే అడిగేయండి. ఇందులో సిగ్గేమీ లేదు.

అయితే ఇక్కడ చెప్పిన జాబితా అందరికీ ఒకేలా వర్తించదు. గాల్‌బ్లాడర్ తీశాక కొన్ని వారాలు నెయ్యి, వేపుళ్లు తగ్గిస్తారు. పేగుల ఆపరేషన్‌కు మొదట్లో పీచు వద్దంటారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ప్రొటీన్‌కు హద్దు ఉంటుంది. గుండె ఆపరేషన్ అయితే ఊరగాయలు, అప్పడాలు, ఉప్పు దండిగా పడే పొడులు పక్కన పెట్టాలి. గుండె కవాటం మార్చాక రక్తం పలచబడే వార్‌ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఒక రోజు కట్టలకొద్దీ తిని మరో రోజు మానేయకూడదు, ఎప్పుడూ ఒకే పాళ్లలో తినాలి. మీ ఆపరేషన్‌కు ఏవి సరిపడవో డాక్టరు చేత కాగితం మీద రాయించుకున్నాకే బజారుకెళ్లండి.

అలమర కూడా సర్దాలి

సరుకు తెచ్చి అటక మీద పెడితే ఉన్నా లేనట్టే. పొట్ట మీద కుట్లున్నవాళ్లు చేతులు పైకెత్తి లాగలేరు, మోకీలు మార్చుకున్నవాళ్లు కిందికి వంగలేరు. రోజూ కావలసినవన్నీ నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో ఉండాలి. బరువు సంగతి ఇంకా ముఖ్యం. పొట్ట ఆపరేషన్ల తర్వాత కొన్ని వారాలు బరువెత్తొద్దని ఖచ్చితంగా చెబుతారు. మనవాళ్లు దానికి బస్తాలు మోయొద్దని అర్థం చెప్పుకుంటారు. తాగే నీళ్ల క్యాన్ 20 కిలోలు. బియ్యం డబ్బా, నిండు బకెట్టు, అన్నంతో ఉన్న పెద్ద కుక్కరు, చంకనెక్కే రెండేళ్ల మనవడు కూడా బరువులే. నీళ్లు చిన్న సీసాల్లోకి, బియ్యం చిన్న డబ్బాలోకి మార్చేస్తే సగం ప్రమాదం తప్పుతుంది. మనవడికి ముందే నచ్చజెప్పాలి.

రిహార్సల్ ఆదివారం

ఇంట్లో వంట రాని మగవాళ్లు, కాలేజీ పిల్లలు ఉంటే వాళ్లే మీ అసలు నిల్వ. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు ఒక ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా మీరు వంటింట్లో అడుగు పెట్టకండి. హాల్లో కుర్చీ వేసుకుని కూర్చోండి. అన్నానికి ఎన్ని కూతలు, పప్పుకు ఎన్ని, పోపు డబ్బాలో మెంతులేవి, పెసరపప్పు ఏ డబ్బాలో ఉంది, పాలవాడికి ఎప్పుడివ్వాలి, మోటారు స్విచ్చి ఎక్కడ... అన్ని ప్రశ్నలూ ఆ రోజే బయటపడతాయి. అడిగిన ప్రతిదానికీ జవాబు నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. చారు నీళ్లలా ఉంటుంది. ఉప్మా ఉండ కడుతుంది. తినండి. “బాగుంది, ఈసారి రవ్వ పోసేటప్పుడు కలుపుతూ ఉండండి” అనండి. లేచి వెళ్లి గరిట లాక్కున్నారో, ఆపరేషన్ తర్వాత కూడా ఆ గరిట మీ చేతిలోనే ఉంటుంది.

ఇక్కడే చాలామంది ఆడవాళ్లు ఓడిపోతారు. తాను లేకపోతే ఇల్లు నడవదన్న మాటలో కష్టంతో పాటు కొంచెం గర్వం కూడా ఉంటుంది. ఆ గర్వాన్ని ఒక నెల పక్కన పెట్టగలిగితే ఇల్లు మీరు లేకుండానూ వంకరటింకరగా నడుస్తుంది. నడవనివ్వండి.

పరామర్శకు వచ్చేవాళ్లతో పని చేయించుకోండి

మన దగ్గర ఆపరేషన్ అయిన ఇంటికి జనం తప్పకుండా వస్తారు. యాపిల్ పళ్లు, బ్రెడ్డు, హార్లిక్స్ సీసా తెస్తారు. కూర్చుంటారు. వాళ్లకు కాఫీ పెట్టడానికి ఇంకో మనిషి కావాలి. వెళ్తూ వెళ్తూ “ఏమైనా కావాలంటే మొహమాటపడకుండా చెప్పండి” అంటారు. మనం మొహమాటపడి “అన్నీ ఉన్నాయండీ” అంటాం. వాళ్లు నిజంగానే అడిగారు, మనమే అబద్ధం చెప్పాం.

ఈసారి నిజం చెప్పండి. ఏం కావాలో, ఏ రోజుకో, ఎంతమందికో చెబితే సాయం చేసేవాళ్లకూ సులువు. “వదినా, పళ్లేమీ తేవద్దు. మంగళవారం మధ్యాహ్నానికి కాస్త కారం తగ్గించి పప్పూ, బీరకాయ కూరా పంపిస్తారా? అన్నం ఇక్కడ మావాడు వండుతాడు.” ఇంతే. అపార్ట్‌మెంట్‌లో నలుగురు ఇరుగుపొరుగు, ఇద్దరు బంధువులు తలా ఒక రోజు క్యారేజీ పంపితే వారం గడిచిపోతుంది. వాళ్లింట్లో అవసరం వచ్చినప్పుడు మీరూ పంపిస్తారు. అలా అడగలేని చోట డబ్బిచ్చి ఏర్పాటు చేసుకోండి. ఇంటి భోజనం క్యారేజీ కట్టే వాళ్లు మన పట్టణాల్లో పేట పేటకూ ఉన్నారు. కారం, నూనె తగ్గించాలని ముందే మాట్లాడుకోవాలి. కర్రీ పాయింట్ నుంచి పప్పు, చారు తెచ్చుకున్నా ఫరవాలేదు, వేపుళ్లు, మసాలా కూరలు మాత్రం వద్దు.

ఏ రోజు కూలి ఆ రోజు తినే ఇళ్లలో ఈ ముందుచూపు డబ్బు దగ్గర ఆగిపోతుంది. ఆ సంగతి గుర్తించే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో ‘ఆరోగ్య ఆసరా’ పెట్టింది. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయినవాళ్లకు విశ్రాంతి రోజుల్లో రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. ఏ ప్రభుత్వం ఉన్నా కొనసాగించదగ్గ ఆలోచన. కోలుకునేవాళ్ల తిండి ఖరీదైనది కానక్కర్లేదు. గుడ్డు, పెసరపప్పు, వేరుశనగలు, మునగాకు, రాగి జావ ఉంటే చాలు. ప్యాకెట్ జ్యూస్ మీదా బిస్కెట్ల మీదా పెట్టే డబ్బుతో ఇవన్నీ వస్తాయి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. అక్కడ గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేసి చాలాసార్లు సాయంత్రానికే ఇంటికి పంపేస్తారు. అమ్మ వీసా, టికెట్టు అందేసరికి మీరు ఆఫీసుకు కూడా వెళ్లిపోతుంటారు. అక్కడి పెద్ద ఫ్రీజర్‌ను మీరు నిజంగా నమ్మొచ్చు. రెండు వారాంతాలు కేటాయించి పప్పు, కిచిడీ, చారు పూటకొక డబ్బాగా నింపుకోండి. ఒక స్నేహితుడికి మీ ఇంటి తాళం ఇవ్వండి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఒంటరిగా ఉన్న మీ అమ్మానాన్నలకు ఆపరేషన్ అయితే, డబ్బు పంపడంతో సరిపెట్టకండి. పక్కింటివాళ్ల నంబరు, క్యారేజీ కట్టేవాళ్ల నంబరు మీ ఫోన్లో ఉండాలి. రోజూ వీడియో కాల్‌లో “బాగున్నావా” అనడానికి ముందు “పొద్దున ఏం తిన్నావు నాన్నా” అని అడగండి. “తిన్నాన్లే” అంటే ఒప్పుకోకండి. ఏం తిన్నారో చెప్పించండి.

చివరి రెండు మూడు రోజులకు చిన్న పనులు ఉంటాయి. మందుల వేళలూ తిండి వేళలూ ఒకే కాగితం మీద రాసుకోవడం, అల్లం వెల్లుల్లి నూరి పెట్టుకోవడం, మంచం పక్కన ఫ్లాస్కు, గ్లాసు, చెంచా సర్దుకోవడం, పాలవాడికి నెల డబ్బు ముందే ఇచ్చేయడం. ఆపరేషన్ ముందు రాత్రి ఎప్పటినుంచి పస్తుండాలో మత్తు డాక్టరు చెప్పింది నిమిషాలతో సహా పాటించండి, అక్కడ మాత్రం సొంత తెలివి వద్దు. గ్యాస్ విషయం మరీ ముఖ్యం. నిండు సిలిండరు దాదాపు 30 కిలోలు ఉంటుంది, అయిపోయిన రోజున దాన్ని కదపగలిగే స్థితిలో మీరు ఉండరు. ఇంట్లో రెండో సిలిండరు నిండుగా ఉందో లేదో ఇవాళే చూసుకోండి, లేకపోతే ఇప్పుడే బుక్ చేయండి.